పాత ‘పోస్ట్‌మ్యాన్ ప్యాట్’ డీవీడీలు కొనేవాళ్లు జాగ్రత్త!

పిల్లల కోసం ‘పోస్ట్‌మ్యాన్ ప్యాట్’ (ఉత్తరాలు పంచే ప్యాట్ కథలతో ఇంగ్లండ్‌లో తీసిన బొమ్మల టీవీ కార్యక్రమం) మొదటి సిరీస్ వెతుకుతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి. “1981 నాటి 13 ఎపిసోడ్లూ ఉన్నాయి, ఇంగ్లండ్ ఒరిజినల్, ఏ ప్లేయర్‌లోనైనా ఆడుతుంది” అని ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి హైదరాబాద్‌కి తెప్పించుకున్నాను. వచ్చింది పచ్చి నకిలీ.

కవరు మీద ప్యాట్ ఎర్ర వ్యాను, అతని పిల్లి జెస్ బాగానే ఉన్నాయి. డిస్క్ తిప్పితే అడుగంతా ఊదా రంగు. కంపెనీ అచ్చువేసిన డీవీడీ అడుగు వెండిలా మెరుస్తుంది. ఊదా రంగు కనిపిస్తే ఎవరో ఇంట్లో కూర్చుని ఖాళీ డిస్క్ మీద కాపీ చేశారన్నమాట. పైనున్న బొమ్మ కూడా ప్రింటర్‌తో తీసినదే, తడి వేలికి రంగు అంటుకుంటోంది.

పెట్టి చూస్తే ఇంకా ఘోరం. పాత టీవీకి సరిపోయేలా తీసిన బొమ్మని వెడల్పు తెరకు సాగదీశారు. ప్యాట్ మొహం అడ్డంగా సాగింది, వ్యాను చక్రాలు కోడిగుడ్లలా ఉన్నాయి. సగం నుంచీ ఆ సిరీసే కాదు. ప్యాట్ హెలికాప్టర్‌లో పార్శిళ్లు మోస్తున్నాడు! అది 2008లో మొదలైన ప్యాట్ కొత్త సిరీస్ ‘స్పెషల్ డెలివరీ సర్వీస్’. తేడా ఇట్టే పట్టుకోవచ్చు. 1981 దాంట్లో కథంతా కెన్ బ్యారీ ఒక్కడే చెబుతాడు, బొమ్మల నోళ్లు కదలవు. కొత్తవాటిలో ఒక్కో పాత్రకి ఒక్కో గొంతు, నోళ్లు కదులుతాయి.

కొత్తది చెడ్డదని కాదు. కానీ జాన్ కన్లిఫ్ రాసిన ఆ చిన్న కథల్ని ఐవర్ వుడ్ బొమ్మల్ని చేత్తో కొంచెం కొంచెం జరుపుతూ తీశాడు. ఇంగ్లండ్‌లో కంబ్రియా ప్రాంతంలోని లాంగ్‌స్లెడేల్ లోయని తలపించే ప్యాట్ ఊరు గ్రీన్‌డేల్‌లో ఉత్తరాలు పంచుకుంటూ, గొర్రెలకు దారిచ్చుకుంటూ వెళ్లే ఆ నిదానం మూడేళ్ల పిల్లలకి చక్కగా సరిపోతుంది. నేను డబ్బిచ్చింది దానికి!

అమ్మినతన్ని అడిగితే “సీల్ తీశారు కదండీ, వాపసు లేదు” అన్నాడు. సీల్ తీయకుండా అడుగు రంగు ఎలా కనపడుతుంది?

ఇంకో గుర్తు చెబుతాను. డీవీడీ ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకెని రీజియన్ అంటారు. ఇంగ్లండ్ డిస్కులకి సాధారణంగా రీజియన్ 2 ముద్ర ఉంటుంది, మనది రీజియన్ 5. అందుకే ‘ఎక్కడైనా ఆడుతుంది’ అంటే అనుమానించండి. నిజమైన డిస్క్ దొరికినా మీ ప్లేయర్ రీజియన్ 2 తీసుకుంటుందో లేదో ముందే చూసుకోండి. డిస్క్ అడుగు ఫోటో, కవరు వెనక ఎపిసోడ్ల పేర్లున్న ఫోటో రెండూ అడగండి. పంపకపోతే వదిలేయండి.

డబ్బు వాపసు కోసం ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు. ఆ ప్రకటన మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. ఫోటోలో డీవీడీ పెట్టె కుడి పై మూల చిరిగి ఉంటుంది, చూస్తే అక్కడ కొనకండి.