క్యాన్సర్ ప్యాకేజీకి 1 స్టార్, విడి టెస్టుకు 4: కర్నూలులో ఒక కలెక్షన్ సెంటర్

కర్నూలులో ఆసుపత్రులన్నీ ఒక్కచోటే ఉండే వీధుల్లోని ఒక కలెక్షన్ సెంటర్ గురించి ఈ రివ్యూ. పేరు అక్కర్లేదు, ఇలాంటి ప్యాకేజీ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. షుగర్ టెస్టుకు వెళ్లినా కౌంటర్‌లో ఒకటే మాట: "ఎట్లాగూ రక్తం ఇస్తున్నారు గదన్నా, క్యాన్సర్‌ది గూడా చేపిచ్చుకోండి, అన్నీ కలిపితే తక్కువ పడుతుంది."

ప్యాకేజీలో ఉండేవి ట్యూమర్ మార్కర్లు, అంటే క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరగగల పదార్థాలు. మగవాళ్లకు పీఎస్‌ఏ (ప్రోస్టేట్), సీఈఏ (పేగు), ఏఎఫ్‌పీ (లివర్), సీఏ 19-9 (క్లోమం). ఆడవాళ్లకు పీఎస్‌ఏ బదులు సీఏ-125 (అండాశయం), సీఏ 15-3 (రొమ్ము). ఏ లక్షణమూ లేని మనిషి ఈ ప్యాకేజీ కొనొద్దు. సీఏ-125 హద్దు 35 యూనిట్లు. నెలసరి రోజుల్లో, ఎండోమెట్రియోసిస్‌లో (గర్భాశయపు లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు), కడుపులో టీబీ ఉన్నా, లివర్ చెడి పొట్టలో నీరు చేరినా అది 35 దాటుతుంది. తొలిదశ అండాశయ క్యాన్సర్లలో మాత్రం దాదాపు సగం కేసుల్లో దాటనే దాటదు. అంటే లేనివాళ్లను భయపెడుతుంది, ఉన్నవాళ్లకు ధైర్యం చెప్పి పంపుతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం: రిపోర్టు నార్మల్ అని కడుపుబ్బరాన్ని నెలల తరబడి గ్యాస్ అనుకుంటూ కూర్చుంటారు. సీఈఏ బీడీలు, సిగరెట్లు తాగేవాళ్లలో మామూలుగానే కాస్త ఎక్కువ. పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వస్తే సీఏ 19-9 పెరుగుతుంది. పుట్టుకతోనే ఆ పదార్థం ఒంట్లో తయారుకాని మనుషులూ ఉన్నారు, వాళ్లకు క్లోమ క్యాన్సర్ ముదిరినా అంకె కదలదు. ఏఎఫ్‌పీకి మాత్రం ఒక గట్టి పని ఉంది: లివర్ సిర్రోసిస్ ఉన్నవాళ్లకు 6 నెలలకోసారి, అదీ అల్ట్రాసౌండ్‌తో కలిపి.

క్యాన్సర్ తేలి, చికిత్స మొదలయ్యాక కథ వేరు. డాక్టరు రాసిన ఒక్క మార్కర్‌కైతే ఈ సెంటర్‌కు నిస్సంకోచంగా వెళ్లొచ్చు. రక్తం తీశాక జెల్ ట్యూబును నిలువుగా 30 నిమిషాలు ఉంచి, గడ్డకట్టాకే సెంట్రిఫ్యూజ్‌లో పెడుతున్నారు. సీరం జెల్ పైన లేత పసుపుగా తేరుకున్నాక ఐస్‌ప్యాకుల డబ్బాలో పెట్టి హైదరాబాదు పంపుతున్నారు. మన ఎండల్లో ఈ డబ్బా చిన్న విషయం కాదు. పరగడుపున రమ్మని వేధించరు, ఈ మార్కర్లకు అది అవసరం లేదు కూడా.

లోపం అడగాల్సినవి అడగకపోవడంలో ఉంది. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు మింగుతున్నారా అని ఒక్కరినీ అడగరు. కొన్ని మెషీన్లు మార్కర్‌ను పట్టుకోవడానికి వాడే రసాయనాల్లోనూ బయోటినే ఉంటుంది, మాత్రల్లోది దానికి అడ్డొస్తుంది. 5, 10 మిల్లీగ్రాముల మాత్రలు మింగితే మార్కర్ ఉన్నదానికంటే తక్కువగా చూపించవచ్చు. డాక్టరుకు చెప్పి 2, 3 రోజుల ముందే ఆపండి. పీఎస్‌ఏకైతే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా, ఈమధ్య క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేశారా, ప్రోస్టేట్ పెరిగితే ఇచ్చే ఫినాస్టరైడ్ వాడుతున్నారా అన్నది ముఖ్యం. ఆ మందు నెలల తరబడి వాడితే పీఎస్‌ఏ సుమారు సగానికి పడిపోతుంది. అది తెలియకపోతే 3 చూసి సంతోషిస్తారు, అసలు లెక్క 6 అన్నమాట.

రిపోర్టులో అంకె కింద చిన్న అక్షరాల్లో మెథడ్ రాసి ఉంటుంది, అది చదవండి. పోయినసారి ఒక కంపెనీ మెషీన్, ఈసారి ఇంకొకటి అయితే ఒకే రక్తానికి రెండు అంకెలు రావచ్చు. పేగు క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత మొదటి 2 ఏళ్లు 3 నుంచి 6 నెలలకోసారి సీఈఏ చూస్తారు. అన్నిసార్లూ ఒకే ల్యాబు, ఒకే మెథడ్ అయితేనే ఎక్కడం దిగడం తెలుస్తుంది. స్కానులో గడ్డ పెద్దగా ఉండి అంకె వింతగా తక్కువొస్తే, శాంపిల్‌ను పలుచన చేసి మళ్లీ చూడమని అడగండి. మార్కర్ మరీ ఎక్కువైనప్పుడు కొన్ని టెస్టులు తికమకపడి తక్కువ చూపిస్తాయి. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తు చూసి సరిపెట్టుకోవద్దు, మీరు చేయించుకునే టెస్టు ఆ గుర్తింపు జాబితాలో ఉందా అని అడగాలి.

ఈ సెంటర్ బయాప్సీ ముక్కలూ తీసుకుంటుంది, అక్కడ మాత్రం జాగ్రత్త. రొమ్ము గడ్డ ముక్కపై ఈఆర్, పీఆర్, హెర్2 (ఏ మందులు పనిచేస్తాయో చెప్పే పరీక్షలు) చూడాలంటే తీసిన గంటలోపే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో పడాలి, ముక్కకు 10 రెట్లు ద్రవం ఉండాలి. సెలైన్‌లో పంపితే కణాలు చెడతాయి. ఫార్మలిన్‌లోనూ 6 గంటలకు తక్కువ, 72కు ఎక్కువ పనికిరాదు. శనివారం తీసిన ముక్క, సోమవారం సెలవైతే, మంగళవారానికి ఆ గడువు అంచుకు చేరుతుంది. అందుకే వారం మొదట్లో తీయించుకోవడం మేలు. హెర్2 రిపోర్టు 2+ అని వస్తే ఫిష్ టెస్టు (హెర్2 జన్యువునే నేరుగా చూసే పరీక్ష) చేయాలి, దానికి ముక్కను మైనంలో పెట్టి దాచిన అదే బ్లాకు కావాలి. రిపోర్టుతోపాటు బ్లాకు, స్లయిడ్లు ఎప్పుడు తిరిగిస్తారో రసీదు మీదే రాయించుకోండి.