అమెరికాలో హెల్త్ ప్లాన్ మెంబర్ సర్వీసెస్: ఇంటర్‌ప్రెటర్ సాయం భేష్, డైరెక్టరీని మాత్రం నమ్మలేం

హెల్త్ ప్లాన్ తన సభ్యులకు ఫోన్లో సాయం చేసే విభాగమే మెంబర్ సర్వీసెస్. దానికి ఇన్సూరెన్స్ కార్డు వెనక రెండు మూడు ఫోన్ నంబర్లుంటాయి. డిప్రెషన్, ఆందోళన, మద్యం మాన్పించే చికిత్స వంటివాటికి ‘బిహేవియరల్ హెల్త్’ అని రాసి ఉన్న నంబరుకే చెయ్యాలి. చాలా పెద్ద ప్లాన్లలో ఈ విభాగాన్ని నడిపేది వేరే సంస్థ: యునైటెడ్ హెల్త్‌కేర్‌కి ఆప్టమ్, సిగ్నాకి ఎవర్‌నార్త్, యాంథమ్‌కి కెరెలాన్. మామూలు నంబరుకు చేస్తే లైను అటూ ఇటూ బదిలీ అవుతూ మధ్యలో తెగిపోవచ్చు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం ప్లాన్ జోలికే వెళ్ళకుండా నేరుగా ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988కి చెయ్యండి. దానికి ఇన్సూరెన్స్‌తో పని లేదు. ఫోన్ చేస్తే ఇంటర్‌ప్రెటర్‌ను కలుపుతారు. మెసేజ్, చాట్ మాత్రం ఇంగ్లీషు, స్పానిష్‌లలోనే.

ఈ సేవలో అన్నిటికన్నా బాగా పనిచేసేది భాషా సాయం. ఫెడరల్ నిధులు తీసుకునే ఇన్సూరెన్స్ కంపెనీలు, ఆసుపత్రులు ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఇవ్వాలని ఆరోగ్య బీమా చట్టమైన అఫర్డబుల్ కేర్ యాక్ట్ 1557 సెక్షన్ చెబుతుంది. ఉత్తరాలతో వచ్చే భాషల కాగితం మీద సాధారణంగా ఆ రాష్ట్రంలో ఎక్కువమంది మాట్లాడే 15 భాషలే ఉంటాయి. అందులో తెలుగు లేదని వెనక్కి తగ్గొద్దు, హక్కు అన్ని భాషలకూ ఉంది. ఫోన్ ఎత్తగానే ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్’ అంటే చాలు. అయితే ఫోన్లో దొరికిన ఇంటర్‌ప్రెటర్ క్లినిక్‌లో ఉండరు. అపాయింట్‌మెంట్ తీసుకున్నప్పుడే క్లినిక్‌కి విడిగా చెప్పి, రెండు రోజుల ముందు మళ్ళీ గుర్తుచెయ్యాలి. అత్యవసరంలో తప్ప మైనర్ పిల్లల చేత అనువాదం చేయించడానికి నిబంధనలు ఒప్పుకోవు. అది సరైన నిబంధన. పదేళ్ళ మనవడి ఎదుట ఏ అమ్మమ్మా తన దిగులు సంగతి విప్పి చెప్పదు.

వినికిడి లోపం ఉన్నవాళ్ళు 711 రిలే (మధ్యలో ఆపరేటర్ మాటలను టైపు చేసి అందించే సేవ) ద్వారా మాట్లాడొచ్చు. ప్లాన్ కాగితాలను పెద్ద అక్షరాల్లో, బ్రెయిల్‌లో, ఆడియోగా అడగొచ్చు. వీల్‌చైర్ వాడేవాళ్ళకు డైరెక్టరీలోని, అంటే ప్లాన్ ఇచ్చే డాక్టర్ల జాబితాలోని గుర్తు చాలదు, అది ర్యాంప్ గురించే కావచ్చు. పరీక్ష బల్ల కిందికి దిగుతుందా, వీల్‌చైర్‌తో సహా బరువు తూచే యంత్రం ఉందా అని క్లినిక్‌నే అడగాలి.

ఇక డైరెక్టరీ. ఈ సేవలో అతి బలహీనమైన భాగం ఇదే. 2023లో సెనేట్ ఫైనాన్స్ కమిటీ సిబ్బంది మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రధానంగా వృద్ధులకు ప్రభుత్వం తరఫున ప్రైవేటు కంపెనీలు నడిపే) ప్లాన్ల జాబితాల్లోని 120 మంది మానసిక వైద్య నిపుణులకు ఫోన్ చేస్తే, అపాయింట్‌మెంట్ దొరికింది 18 శాతం మంది దగ్గరే. నంబర్లు మారిపోతాయి, డాక్టర్లు నెట్‌వర్క్ (ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్ల బృందం) వదిలేస్తారు, కొత్త పేషెంట్లను తీసుకోవడం ఆపేస్తారు, జాబితా మాత్రం మారదు. ఉద్యోగం ద్వారా వచ్చే, సొంతంగా కొనుక్కునే ప్లాన్లు ఈ వివరాలను కనీసం 90 రోజులకోసారి సరిచూడాలని 2022 నుంచి నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం చెబుతోంది. జాబితా తప్పువల్ల మీరు నెట్‌వర్క్ బయటి డాక్టర్ దగ్గరికి వెళ్ళినా, మీరు కట్టాల్సిన వాటా నెట్‌వర్క్ లోపలి లెక్కలోనే ఉండాలి. దానికి రుజువు కావాలి గనక, తేదీ కనిపించేలా పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

క్లినిక్‌ని అడిగేటప్పుడు ‘మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా’ అంటే సరిపోదు, ఒకే కంపెనీకి చాలా నెట్‌వర్క్‌లుంటాయి. కార్డు మీది ప్లాన్ పేరు పూర్తిగా చదివి వినిపించండి. మొదటి మదింపుకు 90791, గంట సెషన్‌కు 90837 బిల్లింగ్ కోడ్‌ల కింద మీ వాటా ఎంతో ప్లాన్‌ని అడగండి. నెట్‌వర్క్‌లో ఎవరూ దొరక్కపోతే, ఫోన్ చేసిన తేదీలు, వచ్చిన జవాబులు చూపించి ‘నెట్‌వర్క్ గ్యాప్ ఎక్సెప్షన్’ కోరండి. బయటి డాక్టర్‌ను నెట్‌వర్క్ రేటుకే చూపించుకునే అనుమతి అది. ఏజెంట్లు తమంతట తాము ఆ మాట ఎత్తరు. ప్రతి కాల్‌కీ రిఫరెన్స్ నంబరు, ఏజెంట్ పేరు రాసుకోవాలి. అవి లేకపోతే వాళ్ళిచ్చిన మాటకు ఆధారమే ఉండదు.

చికిత్సను కాదంటే కారణం లిఖితపూర్వకంగా తీసుకోండి. మానసిక వైద్యం కవర్ చేసే ప్లాన్ దానిపై శరీర వైద్యానికి లేని గట్టి షరతులు పెట్టకూడదని 2008 నాటి పేరిటీ చట్టం చెబుతుంది. ‘మెడికల్ నెసెసిటీ’ (చికిత్స నిజంగా అవసరమా అని తేల్చే) ప్రమాణాల కాపీ అడిగితే ఇవ్వాలి. ఉద్యోగం ద్వారా వచ్చే, సొంతంగా కొనుక్కునే ప్లాన్లలో అప్పీలుకు 180 రోజుల గడువు. అత్యవసరమైతే 72 గంటల్లో తేల్చాలి. అదీ ఓడితే, ఆ నిర్ణయం అందిన 4 నెలల్లోపు ప్లాన్‌తో సంబంధం లేని బయటి సమీక్ష కోరవచ్చు. మీరు ఉద్యోగం చేసే కంపెనీ సొంత డబ్బుతో నడిపే ప్లాన్ అయితే కార్మిక శాఖకు 1-866-444-3272లో, లేకపోతే రాష్ట్ర ఇన్సూరెన్స్ విభాగానికి ఫిర్యాదు చెయ్యాలి. ఊరి నుంచి వచ్చిన తల్లిదండ్రులకు కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌కు ఈ రక్షణలు వర్తించవు. మానసిక వైద్యం ఉందో లేదో పాలసీ కాగితంలో చూశాకే కొనండి.

భర్త ప్లాన్‌లో డిపెండెంట్‌గా ఉన్న భార్య థెరపీకి వెళ్తే, చెల్లింపుల వివరాల కాగితం సాధారణంగా భర్త పేరు మీదే ఇంటికొస్తుంది. ఇంట్లో హింస ఉన్నచోట ఇది ప్రమాదం. ఆ వివరాలు బయటపడితే తనకు హాని అని ఆమె ప్లాన్‌కి తెలియజేసి, కాగితాలు వేరే చిరునామాకు పంపమని కోరితే, వైద్య వివరాల గోప్యతను కాపాడే హిపా చట్టం నిబంధనల ప్రకారం ప్లాన్ ఒప్పుకోవాలి. ‘కాన్ఫిడెన్షియల్ కమ్యూనికేషన్స్ రిక్వెస్ట్’ అని అడగాలి. అది ఖాయమైందని రాతపూర్వకంగా తెలిశాకే మొదటి అపాయింట్‌మెంట్‌కు వెళ్ళడం క్షేమం.