ఒకేలాంటి యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్లకు యూడెవ్ పేర్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఒక చిన్న లైనక్స్ మెషిన్‌కి నాలుగు యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్లు (సీరియల్ పోర్టు పరికరాలను యూఎస్‌బీకి కలిపేవి) ఎప్పుడూ తగిలించి ఉంటాయి నా దగ్గర. రెండు కరెంటు మీటర్లు, ఒక పంపు కంట్రోలర్ బోర్డు, ఒక వాతావరణ సెన్సర్. మొదట్లో లైనక్స్ వాటికి ఇచ్చే టీటీవై-యూఎస్‌బీ0, 1 అనే పేర్లనే స్క్రిప్టులో రాసేశాను. ఒక రీబూట్ తర్వాత ఆ రెండూ తారుమారయ్యాయి. మీటర్లు రెండూ ఒకే మోడల్ కాబట్టి ఎర్రర్ ఏదీ రాలేదు. పదకొండు రోజులు ఒకదాని రీడింగు ఇంకోదాని ఫైల్లో పడింది. ఆ డేటా సరిచేయడానికి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్ ఆ నంబర్లను డివైస్ కనబడిన వరసలో ఇస్తుంది, అంతే. లైనక్స్‌లో డివైస్‌లకు పేర్లు పెట్టే యూడెవ్ తనంతట తానే సీరియల్ ఫోల్డర్లో బై-ఐడీ పేరుతో లింకులు పెడుతుంది కదా అని అటు వెళ్లాను. కానీ నా అడాప్టర్లలో ఉన్నవి సీహెచ్340 చిప్పులు. మామూలుగా వాటికి సీరియల్ నంబరే (ఒక్కో అడాప్టర్‌ను విడిగా గుర్తించే నంబరు) ఉండదు. రెండింటికీ ఒకే పేరు తయారై, ఒక్క లింకే కనిపించింది. చాలా సీపీ2102 అడాప్టర్లదీ ఇదే కథ: అన్నిటి సీరియల్ నంబరూ 0001. కాకపోతే దాన్ని తిరగరాసుకునే వీలుంది.

ఇక మిగిలింది పోర్టును బట్టి పేరు పెట్టడం. కెర్నెల్స్ విలువ (డివైస్ ఏ పోర్టులో ఉందో చెప్పే దారి) 1-1.2 అయితే "మీటర్_ఏ" అనే సిమ్‌లింక్ (అసలు డివైస్‌ను చూపే మారుపేరు) పెట్టమని రూల్ రాశాను. ఒక సాయంత్రమంతా అది పనిచేయలేదు. రూల్లో డివైస్ సొంత గుణాలతో పాటు ఏదో ఒక్క పేరెంట్ (డివైస్‌కు పై మెట్టులో ఉండేది) గుణాలనే కలపాలి. నేను ఒక పేరెంట్ నుంచి పోర్టు, ఇంకో పేరెంట్ నుంచి వెండర్ ఐడీ (తయారీదారు నంబరు) తీసుకున్నాను. యూడెవ్‌ఎడిఎమ్ ఇన్ఫో అనే కమాండ్ చూపించే జాబితాలో ఒక్కో పేరెంట్ ఒక్కో పేరాగా విడిగా ఉంటుంది. ఆ గీత దాటకూడదు.

ఆ తర్వాత రెండేళ్లు ఏ గొడవా లేదు. అడాప్టర్లు తగిలించిన యూఎస్‌బీ హబ్ పాడై కొత్తది పెట్టినప్పుడు మాత్రం దారులన్నీ మారిపోయాయి. ఏడు పోర్టుల హబ్బుల్లో చాలావాటి లోపల నాలుగు పోర్టుల చిప్పులు రెండు గొలుసుగా ఉంటాయి. అందుకే పక్కపక్క పోర్టులకు కూడా 1-1.3, 1-1.4.1 లాంటి పొంతన లేని నంబర్లు వస్తాయి.

అందుకని మీటర్లకు సీరియల్ నంబర్ ఉన్న ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్పుల అడాప్టర్లు కొన్నాను. రూల్లో సీరియల్ నంబర్ రాసేశాక ఏ పోర్టులో పెట్టినా పేరు మారలేదు. ఖర్చు ఎక్కువైనా మళ్లీ ఇదే చేస్తాను. చౌక నకిలీల్లో అన్నిటికీ ఒకే సీరియల్ నంబర్ ఉండొచ్చు. కొన్న వెంటనే రెండూ తగిలించి పోల్చి చూడండి.

ఇంకొక ముఖ్యమైన మాట. ప్రోగ్రామ్ నడుస్తుండగా కేబుల్ ఊడి మళ్లీ తగిలితే, అదే డివైస్ యూఎస్‌బీ4గా రావచ్చు. సిమ్‌లింక్ సరిగ్గానే కొత్త చోటికి మారుతుంది, కానీ ప్రోగ్రామ్ చేతిలో ఉన్నది చచ్చిపోయిన పాత పోర్టే. దాన్ని మూసి మళ్లీ తెరిచే కోడ్ మనమే రాయాలి.

పంపు బోర్డులో సీహెచ్340 బోర్డు మీదే సోల్డర్ అయి ఉంది, మార్చలేను. అది ఇప్పటికీ పోర్టు రూల్ మీదే నడుస్తోంది. ఆ పోర్టుకు ఎర్ర టేపు అంటించాను.