కొర్రమీనుకు రబ్బరు కప్పా, స్పిన్నరా?

ఈశాన్య రుతుపవనాల వానలకు పిచ్చాటూరు అరణియార్ జలాశయమూ, చిత్తూరు చుట్టుపక్కల చెరువులూ నిండితే, ఈసారైనా మూడు కిలోలు దాటిన కొర్రమీను తగులుతుందన్న ఆశ మళ్లీ చిగురిస్తుంది. గుర్రపుడెక్క, తామరాకులు కమ్ముకున్న చోట నా మొగ్గు గాలానికి కట్టే ఉత్తుత్తి ఎర అయిన రబ్బరు కప్పకే. దాని రెండు ముళ్ల మొనలూ వీపుకు ఆనుకొని ఉండటంవల్ల అది ఆకుల మీద చిక్కుకోకుండా జారుతూ, గాలి పీల్చడానికి పైకి వచ్చే చేప కంటబడుతుంది. అయితే నీళ్లు ఎగిసిపడగానే రాడ్డు లాగకూడదు; చేప కప్పను నోట కరచుకొని కిందికి దిగేవరకు ఒక్క క్షణం ఆగాలి, ఆ ఆగడమే కష్టం. స్పిన్నరు అంటే లాగుతుంటే గిరగిర తిరిగే రేకు ఎర; దాని తళుకు తేటనీటిలో దూరం నుంచే చేపను రప్పిస్తుంది గానీ, దాని మూడు మొనల ముల్లుకు నాచు పట్టిందంటే ఆ విసురు వృథా. అందుకే తెరిపి నీళ్లున్న కట్ట దగ్గరే దాన్ని వాడతాను. ఎర్రటి పిల్లల గుంపును కాస్తున్న చేప కనిపిస్తే మాత్రం రెండూ సంచి దాటవు.