చెరపడానికి వీల్లేని పెన్ను: ఎనిమిది నెలలు వాడాక

మొదటి నెల ఈ పెన్నంటే ఒళ్లు మండేది. ఇప్పుడు బ్యాగులో ఇది లేకపోతే ఇంటి తాళం మర్చిపోయి బయటికొచ్చినట్టు ఉంటోంది.

కార్ట్రిడ్జ్‌తో నడిచే బ్రష్ పెన్ను ఇది. ఇలాంటివి చాలా కంపెనీలు చేస్తున్నాయి కాబట్టి పేరు కన్నా రకం ముఖ్యం. కొనేముందు రెండే చూడండి. మొనకి ఉన్నది ఫెల్టా (స్కెచ్ పెన్ను మొనలాంటిది), విడివిడి నైలాన్ వెంట్రుకలా? ఇంకు డైయా (ద్రవంలో కరిగిపోయిన రంగు), పిగ్మెంటా (కరగని సన్నటి రంగుపొడి)? నాది వెంట్రుకల మొన, పిగ్మెంట్ ఇంకు. నీళ్లకి ఆగని డై ఇంకు గీత మీద వాటర్ కలర్ పెడితే గీత కరిగి, బొమ్మ ముఖం మసిగుడ్డలా తయారవుతుంది. ఇది ఆరిందంటే మాత్రం కదలదు.

పత్రికలకీ పిల్లల పుస్తకాలకీ బొమ్మలు వేసి బతుకుతున్నాను, పదకొండేళ్లుగా. నాకో పాత జబ్బు. రఫ్‌లో పరిగెత్తే బొమ్మ ఫైనల్‌కి వచ్చేసరికి ఫొటోకి నిలబెట్టినట్టు బిగుసుకుపోతుంది. ఆర్ట్ ఎడిటర్ “రఫ్ బాగుందండీ, అలాగే ఉంచెయ్యకపోయారా?” అన్నప్పుడల్లా లోపల చురుక్కుమనేది. ట్యాబ్లెట్‌లో అన్‌డూ అలవాటయ్యాక జబ్బు ముదిరింది. ఒక చెవి గీత కోసం పందొమ్మిది సార్లు వెనక్కి వెళ్లిన రోజుంది. లెక్కపెట్టాను మరి.

పెన్సిల్ గీత మీద ఈ పెన్నుతో జాగ్రత్తగా దిద్దబోతే పరువు తీస్తుంది. మెల్లగా పోయే కొద్దీ చేతి వణుకంతా కాగితం మీద కనపడుతుంది. ముందు చూడాలి, తర్వాత ఒక్క ఊపున గీసెయ్యాలి. నాకు కోపం తెప్పించిందీ అదే, తర్వాత పనికొచ్చిందీ అదే.

ఓ రోజు ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో కూర్చున్నాను. ఎదురుగా ఒక పెద్దావిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. కొస నాలుకతో తడిపి, ఒక కన్ను మూసి గుచ్చుతోంది, తప్పుతోంది. మూడోసారి తప్పినప్పుడు పై పెదవి ముక్కు దాకా లేచింది. దారం ఎక్కేదాకా చూస్తూ కూర్చుని, అప్పుడు గీశాను. భుజం దగ్గర నొక్కి మొదలుపెట్టి, మణికట్టుకి వచ్చేసరికి మొన తేల్చేస్తూ ఒకటే గీత. వేళ్లు కుదరలేదు, ఆరోది కూడా పడిందేమో. పెదవి మాత్రం దొరికింది. రెండు వారాల తర్వాత ఓ కథలో ఎలుగుబంటి తన చొక్కాకి గుండీ కుట్టుకోవాల్సి వచ్చింది. ఆ పెదవి తెచ్చి దానికి పెట్టాను, కింద పెన్సిల్ లేకుండా. కరెక్షన్ రాకుండా పాసైన నా మొదటి ఫైనల్ అదే.

ఇన్‌స్పిరేషన్ ఎక్కణ్ణుంచి అని ఎవరైనా అడిగితే ఇదివరకు బాపు గారి గీత అనేదాన్ని. అబద్ధం కాదు కానీ, ఆ గీత చూస్తూ కూర్చుంటే నా చెయ్యి ఆయన చెయ్యిలా నటించేది. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ స్కెచ్‌ల పుస్తకాలు (1814లో మొదలై మొత్తం 15 సంపుటాలు) తిరగేసినా నన్ను పట్టుకునేది ఆయన గీత కన్నా ఆయన ఏం చూశాడన్నదే. కుస్తీ పట్టేవాళ్లు, స్నానాలు చేసేవాళ్లు, చేపలు, ఏదీ వదల్లేదు మనిషి. అందుకే ఇప్పుడు ఎవరడిగినా నా స్కెచ్‌బుక్ తీసి ఆ పెదవి చూపిస్తున్నాను.

ఇక తిట్లు. నునుపు కాగితం మీద ఇంకు ఒక పట్టాన ఆరదు. నాది ఎడమచేతి వాటం, కాబట్టి గీసినదంతా అరచేతి అంచుకి అంటుకునేది. ఇప్పుడు కుడివైపు నుంచి మొదలుపెడుతున్నాను. పల్చటి కాగితమైతే ఇంకు వెనక్కి దిగుతుంది. కార్ట్రిడ్జ్ చిన్నది, నల్లటి రాత్రి ఆకాశం ఒక్కటి నింపితే చాలు, మొహం చాటేస్తుంది. ఖర్చు కలిసొస్తుందని అందులో ఇండియన్ ఇంకు పొయ్యకండి. చాలావాటిలో లక్క ఉంటుంది, లోపల ఎండిందంటే పెన్ను దారి మూసుకుపోతుంది.

అచ్చుకి పంపేవాళ్లకి ఇంకో మాట. గరుకు కాగితం మీద దీని పొడి గీత చాలా అందంగా వస్తుంది. స్కానింగ్‌లో దాన్ని పూర్తి నలుపు తెలుపుల్లోకి మార్చారో, అంచులు ఎలుక కొరికినట్టు అయిపోతాయి. నేను 600 డిపిఐలో (అంగుళానికి 600 చుక్కలు) గ్రేస్కేల్‌గానే, అంటే మధ్యలోని బూడిద ఛాయలు పోకుండా, పంపుతున్నాను.

ఇళ్ల ప్లాన్లు, యంత్రాల బొమ్మలు వేసేవాళ్లకి ఇది వద్దు. గీతంతా ఒకే మందంలో కావాలంటే 0.3 మిల్లీమీటర్ల ఫైన్‌లైనర్ (సన్న మొన పెన్ను) హాయి.

పోయిన నెల మొన రెండుగా చీలింది. కొత్తది కొన్నాను కానీ పాతది పారెయ్యలేదు. ఒక్క గీతకి రెండు గీతలు పడుతున్నాయి కదా, గడ్డి, కుక్క బొచ్చు, నిద్ర లేచిన పిల్లల జుట్టు దాంతోనే వేస్తున్నాను.