బ్రాయిలర్ మేతలో కలిపే పేగు పొడులు: ఏది కొనాలి, ఏది దండగ

తణుకు, అనపర్తి, భీమవరం వైపు మేత కొట్లలో బ్రాయిలర్ల పేగు బాగుండాలని అమ్మే పొడుల్లో ఎక్కువగా కనిపించేవి మూడు రకాలు. ఒకటి బాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా పొడి (ప్రొబయోటిక్ అంటారు), రెండోది ఎంఓఎస్ అనే ఈస్ట్ పొడి, మూడోది పసుపు, వెల్లుల్లి, వాము కలిపిన మూలికల పొడి. ఒక్కటే కొనగలిగితే బాసిల్లస్ కొనండి.

బాసిల్లస్ సబ్టిలిస్ ప్యాకెట్లో నిద్రపోతున్న విత్తనంలా ఉంటుంది. మేతను గుళికలు చేసే పెల్లెట్ మిల్లులో 80-85 డిగ్రీల వేడి తగిలినా తట్టుకుంటుంది. పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్ ఆ వేడికి బతకదు, దాన్ని నీళ్లలోనే పట్టాలి. కోడి కడుపులోకి వెళ్లాక బాసిల్లస్ మొలిచి, పేగును కుళ్లబెట్టే క్లాస్ట్రీడియం పెరక్కుండా అడ్డుపడుతుంది, మంచి బ్యాక్టీరియాకు చోటిస్తుంది. పేగు చివరి రెండు తిత్తుల్లో ఆ మంచి బ్యాక్టీరియా వల్ల పీచు పులిసి బ్యూటిరేట్ అనే ఆమ్లం తయారవుతుంది. పేగు లోపలి పొరకు బలం దానితోనే.

ప్యాకెట్ మీద బొమ్మలు వదిలేసి అంకె చూడండి. గ్రాముకు 100 కోట్ల బతికున్న బ్యాక్టీరియా (లేబుల్ మీద సీఎఫ్‌యూ అని ఉంటుంది) ఉన్న పొడిని టన్ను మేతకు 500 గ్రాములు కలిపితే కిలో మేతకు 50 కోట్లు వస్తాయి. అది సరిపోతుంది. గ్రాముకు ఎన్నో రాయని ప్యాకెట్‌ను అక్కడే వదిలేయండి. ఆక్వా చెరువుల ప్రొబయోటిక్ కూడా అదే కొట్లో ఉంటుంది, ‘ఇదీ అదే అండి’ అని ఇస్తారు. చెరువు అడుగు మట్టి కోసం చేసింది మేతలో వెయ్యకూడదు.

కలపడంలోనే ఎక్కువ మంది తప్పు చేస్తారు. అర కిలో పొడిని నేరుగా టన్ను మిక్సర్‌లో పోస్తే కొన్ని కోడిపిల్లలకు రెట్టింపు, కొన్నింటికి సున్నా. ముందు 5 కిలోల మొక్కజొన్న రవ్వలో చేత్తో కలపాలి, దాన్ని 50 కిలోల మేతలో కలిపి, ఆ తర్వాతే మిక్సర్‌లో వెయ్యాలి. నీళ్లలో పట్టే రకమైతే ఆ రోజు క్లోరిన్ ఆపాలి. కాలవ నీళ్లలో బ్లీచింగ్ వేసి ఆ వెంటనే ప్రొబయోటిక్ కలిపితే మొత్తం చచ్చిపోతుంది. యాంటీబయోటిక్ నడుస్తున్నప్పుడు కూడా అంతే, కోర్సు అయ్యాక మొదలుపెట్టాలి.

ఎంఓఎస్ చెడ్డది కాదు. ఈ కొలి, సాల్మొనెల్లా అనే చెడు బ్యాక్టీరియా పేగు గోడకు అంటుకోకుండా వాటిని తనకు అంటించుకుని రెట్టతో పాటు బయటికి పోతుంది. డబ్బుంటే బాసిల్లస్‌కు తోడుగా వెయ్యొచ్చు.

మూలికల పొడి మీద మాత్రం గట్టిగా అడగాల్సింది ఉంది. పసుపులో పనిచేసే పదార్థమైన కుర్కుమిన్ సుమారు 3 శాతం. లేబుల్ చెప్పినట్టు టన్నుకు పావుకిలో వేస్తే, ఆ ప్యాకెట్ మొత్తం పసుపే అనుకున్నా 7.5 గ్రాముల కుర్కుమిన్ వస్తుంది. ప్రయోగాల్లో పసుపు పొడినే టన్నుకు 5 కిలోల దాకా వాడతారు. వాములోని థైమాల్ నిజంగా పనిచేసేదే, కానీ అది వాము నూనెతో పాటు ఆవిరైపోతుంది. సంచి తెరిచి ముక్కు దగ్గర పెడితే వాము ఘాటు కొట్టకపోతే అందులో మిగిలింది పొట్టే.

పని చేస్తోందో లేదో 21వ రోజు దాటాక చనిపోయిన కోడిని కోసి చూడండి. మంచి పేగు గులాబీ రంగులో, బిగువుగా ఉంటుంది, చీల్చగానే అంచులు లోపలికి ముడుచుకుంటాయి. గాలితో ఉబ్బి, లోపలి మొక్కజొన్న ముక్కలు బయటికి కనిపించేంత పలచబడితే పొడి కాదు, ముందు కాక్సీ (పేగును గాయపరిచే పరాన్నజీవి రోగం, కాక్సిడియోసిస్) చూసుకోవాలి. కాక్సీ గీరిన చోటే క్లాస్ట్రీడియం దిగుతుంది.

కోళ్ల కింద పరిచిన ఊక తడిగా ఉంటే ఏ పొడీ నిలబడదు. వానాకాలంలో మన దగ్గర షెడ్డులో ఊక అట్టలు కడుతుంది. పిడికెడు తీసి గట్టిగా నొక్కి వదలండి. ముద్దగా ఉండిపోతే తిరగేసి సున్నం చల్లాలి, కోళ్లు నీళ్లు తాగే నిపుల్ లైన్ కారుతోందేమో చూడాలి. కంపు కొట్టే పాత తవుడు మేతలో వేసినా అంతే సంగతి.

ఖర్చు లెక్క ఇది. వెయ్యి కోళ్లు 2 కిలోలకు రావడానికి 1.70 ఎఫ్‌సీఆర్ (కిలో బరువు పెరగడానికి తినే మేత కిలోలు) మీద 3.4 టన్నుల మేత తింటాయి, అంటే 1.7 కిలోల పొడి. ఎఫ్‌సీఆర్ 1.65కి దిగితే 100 కిలోల మేత మిగులుతుంది. 1.7 కిలోల పొడి ధర 100 కిలోల మేత ధర కంటే తక్కువుంటేనే కొనండి, అదీ ఒక షెడ్డుకు వేసి, పక్క షెడ్డుకు వెయ్యకుండా రెండు బ్యాచ్‌లు తూకం చూశాకే.