600 రూపాయల తలగడ, తంజావూరు

తంజావూరు వెళ్లేవాళ్లకి ముందుగా ఒక మాట. గది ఆన్‌లైన్‌లో బుక్ చేసేటప్పుడు ముగ్గురు అని పెట్టి, డబ్బు కట్టి, స్క్రీన్‌షాట్ దాచుకుంటే సరిపోదు. లాడ్జికి ఫోన్ చేసి ముగ్గురం వస్తున్నామని చెప్పి, సరే అనిపించుకోండి. మేం ఆ పని చెయ్యలేదు. అందుకు 600 వదిలాయి. ఆ 600కి మాకు దక్కింది ఒక తలగడ. దుప్పటి కూడా ఇవ్వలేదు.

మేం ముగ్గురం చెన్నైలో చదువుకుంటున్నాం. నాది కొవ్వూరు, రూమ్మేట్‌ది విజయనగరం, సీనియర్ అక్కది కర్నూలు. మా అమ్మకి చెన్నై ఇప్పటికీ విదేశమే. నేను మూడో సెమిస్టర్‌కి వచ్చినా "అక్కడి నీళ్లు పడుతున్నాయా" అని అడుగుతూనే ఉంటుంది. ఆగస్టులో ఒక శని, ఆదివారాలు ఖాళీ దొరికాయి. రూమ్మేట్ పాండిచ్చేరి అంది, అక్క తంజావూరు అంది. లెక్కల పుస్తకం అక్క చేతిలో ఉంటుంది కాబట్టి తంజావూరే. శుక్రవారం రాత్రి ఎగ్మోర్‌లో ఉళవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. స్లీపర్‌లో మనిషికి 240. పడుకున్నాం, లేచేసరికి తంజావూరు.

స్టేషన్ నుంచి లాడ్జి నడిచి వెళ్లే దూరమేనని వెబ్‌సైట్‌లో రాసుకున్నారు. మాకు మాత్రం ఆటోకి 100 అయింది. కౌంటర్ దగ్గరున్నాయన నిద్రమొహంతో మా ఆధార్ కార్డులు మూడూ తిరగేసి చూసి, "జెంట్స్ యారుం ఇల్లయా?" అన్నాడు. మగవాళ్లెవరూ లేరన్నాం. అయితే ఎవరో ఒకరి నాన్న నంబర్ ఇవ్వాలట. అక్కకి ఇరవై ఆరేళ్లు, పీహెచ్‌డీ చేస్తోంది. "నా నంబర్ రాసుకోండన్నా" అంది. కుదరదన్నాడు. చివరికి పొద్దున్న 5:40కి మా నాన్నకి ఫోన్ వెళ్లింది. నాన్నకి తమిళం రాదు, కౌంటర్ ఆయనకి తెలుగు రాదు. నిద్రలో ఉన్న మనిషికి తెలియని గొంతు "లాడ్జి, తంజావూర్, పొణ్ణు (అమ్మాయి)" అంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను ఫోన్ లాక్కుని, ఏమీ కాలేదు నాన్నా, ఏమీ కాలేదు అని పది నిమిషాలు చెప్పాల్సి వచ్చింది. ఆ పది నిమిషాలూ కౌంటర్ ఆయన పళ్లు తోముకుంటూ నన్నే చూస్తున్నాడు.

తర్వాత డబ్బుల గొడవ. గదికి 1,650 ముందే కట్టేశాం. ఆయన కంప్యూటర్లో ఇద్దరే కనపడుతున్నారట, మూడో మనిషికి 600 కట్టమన్నాడు. స్క్రీన్‌షాట్ చూపిస్తే అది బుకింగ్ వాళ్లది, వాళ్లనే అడుక్కోండన్నాడు. పైగా గది ఇచ్చేది మధ్యాహ్నం పన్నెండుకట, ఇప్పుడే కావాలంటే ఇంకో 400. అక్కకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. అలా నెమ్మదిగా వాదించి 400ని 250కి దించింది గానీ 600 దగ్గర ఆయన కదల్లేదు. మా రూమ్మేట్ అప్పటికే సోఫాలో వాలిపోయి, "పాండిచ్చేరి అని నేను ముందే చెప్పాను" అని గోడతో చెప్తోంది. దానికి ఆకలేస్తే ఎవరితోనైనా పేచీయే.

వేడినీళ్లు 6 నుంచి 8 వరకే. బాత్రూమ్ గడియ పడదు, లోపల బకెట్ అడ్డం పెట్టుకోవాలి. ఆ తలగడ సాయంత్రం వచ్చింది. కవర్ మీద వేరే హోటల్ పేరు ఉంది.

ఇంత జరిగాక పెద్ద గుడి, అదే బృహదీశ్వరాలయం, చూడ్డానికి మనసెక్కడుంటుంది అనుకున్నాం. పక్క వీధిలో పొంగల్, వడ, కాఫీ ముగ్గురికీ కలిపి 285కి కడుపులో పడ్డాక రూమ్మేట్ మళ్లీ మనిషయింది. గుడికి టికెట్ లేదు. రాజరాజ చోళుడు 1010లో పూర్తి చేయించిన గుడి. గర్భగుడి మీది విమానం (శిఖరం) ఎత్తు 200 అడుగుల పైమాటే, ఎన్ని ఫోటోల్లో చూసినా కింద నిలబడి తలెత్తితే మెడ పట్టేస్తుంది. అయితే పొద్దున తొమ్మిది దాటాక వెళ్లకండి. చెప్పులు బయటే వదలాలి, ఆ రాతి నేల పెనంలా కాలుతుంది. నీడ పట్టుకుని పరుగులు పెట్టడమే తప్ప శిల్పం చూసింది లేదు. మధ్యాహ్నం గుడి మూసేస్తారు, నాలుగింటికి మళ్లీ తెరుస్తారు. మేం సాయంత్రం రెండోసారి వెళ్లాం. రాయి చల్లబడి, ఊరి జనమంతా పిల్లల్ని తెచ్చి ఆ ఆవరణలో కూచోబెట్టుకుని ఉన్నారు. ఈ గుడిని అప్పుడే చూడాలి.

మధ్యలో దొరికిన టైములో రాజుల కోటకి వెళ్లాం. టికెట్లకి మనిషికి వందలోపే అయింది. కంచు విగ్రహాల గ్యాలరీ బాగుంది. కానీ నాకు అసలైనది ఆ కోటలోనే ఉన్న పాత గ్రంథాలయం, సరస్వతీ మహల్. లైబ్రరీ మొత్తం చూపించరు, చిన్న మ్యూజియం ఉంటుంది. అద్దం కింద తాటాకు మీద తెలుగు! పదానికీ పదానికీ మధ్య ఖాళీ లేకుండా చీమల బారులా రాసేశారు. ముగ్గురం అద్దానికి ముక్కులు ఆనించి, అక్షరం అక్షరం కూడబలుక్కుని రెండు మాటలు పట్టుకునేసరికి వెనక క్యూ ఆగిపోయింది.

తంజావూరులో తెలుగేమిటని రూమ్మేట్ అడిగింది. విజయనగరం రాజులు పంపిన నాయకులు ఇక్కడ 1673 దాకా ఏలారు. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగు కవి. "ఏ విజయనగరం, మాదా?" అంది. కాదు, హంపీ దగ్గరిది అంటే కాస్త నీరసపడింది. తర్వాత వచ్చిన మరాఠీ రాజులు కూడా తెలుగును వదల్లేదు, షాహాజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. శరభోజీ అయితే కంటిజబ్బులకి వైద్యం చేయించి, ఒక్కో రోగి కన్ను బొమ్మ గీయించి వివరాలు రాయించాడట. అది విన్నాక మా అక్క ఆయన పాలరాతి విగ్రహానికి దణ్ణం పెట్టింది. తనది ఆప్టోమెట్రీ.

ఆదివారం తిరువయ్యారు. తంజావూరు నుంచి 13 కిలోమీటర్లు. ఎక్కింది టౌన్ బస్సు, ఆడవాళ్లకి ఉచితం. 'ఒక తలగడ 600, ముగ్గురికి బస్సు 0' అని అక్క పుస్తకంలో ఎక్కించింది. కావేరి ఒడ్డున త్యాగయ్య సమాధి. గోదారి ఒడ్డున పెరిగినదాన్ని, కావేరి మా కాలువకి అక్కలా కనిపించింది. ఆ మాట పైకి అన్నందుకు పక్కనున్నాయన నన్ను గుర్రుగా చూశాడు. త్యాగయ్య సమాధికి ఎదురుగా, ఆయన వైపే చూస్తున్నట్టు, గాయని బెంగళూరు నాగరత్నమ్మ సమాధి ఉంది. త్యాగయ్య సమాధికి ఈ గుడి కట్టించింది ఆవిడే, తన ఆస్తి పెట్టి, 1920ల్లో. అప్పటిదాకా ఇక్కడ ఏటా జరిగే త్యాగరాజ ఆరాధనలో ఆడవాళ్లని పాడనిచ్చేవాళ్లు కాదు. ఈ తంజావూరు ఆస్థానంలోనే ఉన్న ముద్దుపళని అనే కవయిత్రి తెలుగు శృంగార కావ్యాన్ని మళ్లీ అచ్చు వేయించి, బ్రిటిష్ ప్రభుత్వం చేత నిషేధం వేయించుకున్నదీ ఆవిడే. నాన్న నంబర్ అడిగే లాడ్జిలో ఆవిడ దిగి ఉంటే ఏం జరిగేదో!

అక్కడ ఒక పెద్దావిడ నోట్‌బుక్ చూసి నెమ్మదిగా పాడుకుంటోంది. తొంగి చూస్తే తెలుగు కీర్తన తమిళ లిపిలో ఉంది. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం కాబట్టి పైన చిన్న అంకెలు వేసుకుంది. క మీద 3 ఉంటే గ అట. మేం తెలుగువాళ్లమని తెలిసి, "ఏలుకో అంటే ఏంటి?" అని అడిగింది. అక్క తన తమిళంలో "రాజులా పాలించు" అని చెప్పింది. నేను కాదన్నాను, మా అమ్మమ్మ పెళ్లికూతురి గురించి అలా అంటుంది, దగ్గర పెట్టుకుని చూసుకో అని. ఇద్దరం వాదించుకున్నాం. పెద్దావిడ రెండూ రాసుకుంది.

బజార్లో అశోకా హల్వా తప్పక కొనండి. పెసరపప్పుతో చేస్తారు, పావుకిలో 90 పడింది. వేడిగా ఆకులో పెట్టిస్తే అక్కడే తినేయండి. తంజావూరులో భోజనం అరిటాకులో 120. సాంబారు ఈ ఊళ్లోనే పుట్టిందని, మరాఠీ శంభాజీ పేరు మీద వచ్చిందని సర్వర్ కథ చెప్పాడు. కథ సంగతి ఏమో గానీ సాంబారు బాగుంది. అక్క మాత్రం డబ్బాలోంచి వేరుశనగ పొడి తీసి కలుపుకుంది.

సాయంత్రం బ్యాగుల కోసం లాడ్జికి వెళ్తే, పొద్దున్న ఖాళీ చేశాక పెట్టుకున్నందుకు బ్యాగుకి 50 అన్నాడు. ఇచ్చాం. బయటికి వస్తుంటే, "ఆన్‌లైన్‌లో అంజు స్టార్ పోడుంగమ్మా" అన్నాడు నవ్వుతూ, ఐదు స్టార్లు వెయ్యమని. రూమ్మేట్ అక్కడే నిలబడి ఒక్క స్టార్ వేసి, తెర ఆయనకి చూపించి మరీ ఆటో ఎక్కింది.